చర్మం దాటి వెలుగు ఎంత లోతుకు పోతుంది? మా నల్ల కణాల ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

ఈసారి ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టుకి నా దగ్గరికి ముగ్గురు పిల్లలొచ్చారు. కావలి అమ్మాయి, ఉదయగిరి అబ్బాయి, ఒంగోలు పక్కన కొత్తపట్నం నుంచి వచ్చి ఇక్కడ నెల్లూరులో హాస్టల్లో ఉండే ఇంకో అబ్బాయి. మామూలుగా బీఫార్మసీ ప్రాజెక్టంటే ఏదో ఒక మాత్ర కొట్టడం, అది ఎంతసేపట్లో కరుగుతుందో కొలవడం, బైండింగ్ చేయించి ఇచ్చేయడం. మాత్రల మీద నాకేం కోపం లేదు. కానీ వీళ్లు వేరేదేదైనా కావాలన్నారు. చాలాకాలంగా నా మనసులో ఉన్నదాన్ని వాళ్ల ముందు పెట్టాను: వెలుగును మింగి వేడెక్కే నానో కణాలు. బంగారం, వెండి లాంటి లోహాలేవీ లేకుండా పూర్తిగా కార్బన్ రసాయనాలతో కట్టినవి.

అనుకున్నది ఇదీ. కణాలు ట్యూమర్‌లో, అంటే క్యాన్సర్ గడ్డలో, చేరాలి. మనం పరారుణ లేజర్ వేయాలి. కణాలు ఆ వెలుగును మింగితే రెండు పనులవుతాయి. లేజర్‌ను అతి చిన్న పల్స్‌లుగా వేస్తే ప్రతి పల్స్‌కీ కణం చుట్టూ ఉన్న చోటు ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, అందులోంచి అల్ట్రాసౌండ్ పుడుతుంది, దాన్ని స్కాన్ ప్రోబ్ పట్టుకుంటే గడ్డ ఎక్కడుందో బొమ్మ వస్తుంది. ఇది ఫొటోఅకౌస్టిక్ ఇమేజింగ్. అదే లేజర్‌ను ఆపకుండా వేస్తే వేడి పెరుగుతూ పోతుంది. 42, 43 డిగ్రీల దగ్గర కణజాలానికి ఇబ్బంది మొదలవుతుంది, 50 దాటితే నిమిషాల్లోనే చచ్చిపోతుంది. ఇది ఫొటోథర్మల్ చికిత్స.

పరారుణమే ఎందుకంటే, కంటికి కనిపించే రంగులను రక్తంలోని హీమోగ్లోబిన్ మింగేస్తుంది, మరీ పొడవైన తరంగాలను నీళ్లు మింగేస్తాయి. మధ్యలో సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల దాకా ఒక కిటికీ మిగులుతుంది. దాని తర్వాత 1000 దాటాక ఇంకో కిటికీ ఉంది. మా పని మొదటి దానిలోనే.

ఏ కణం చేయాలన్నదే పెద్ద చర్చ అయింది. టొరంటోలో గ్యాంగ్ జెంగ్ బృందం 2011లో వెలుగును మింగే పోర్ఫిరిన్ అణువులను కొవ్వుకు అతికించి పోర్ఫిసోములు చేసింది. స్టాన్‌ఫర్డ్‌లో జియాంగ్‌హాంగ్ రావు బృందం 2014లో సెమీకండక్టింగ్ పాలిమర్ కణాలతో బతికున్న ఎలుకల్లో ఫొటోఅకౌస్టిక్ బొమ్మలు తీసింది. రెండూ గొప్ప పనులే, మా కాలేజీ కెమికల్ స్టోర్ బడ్జెట్‌కు మాత్రం రెండూ అందవు. మిగిలింది పాలీడోపమీన్. రాళ్లకు అతుక్కునే ఆల్చిప్పల జిగురు మీద పరిశోధన చేస్తూ మెసర్‌స్మిత్ బృందం 2007లో చూపించింది: డోపమీన్‌ను కొంచెం క్షారగుణం ఉన్న నీళ్లలో, 8.5 పీహెచ్ దగ్గర, గాలి తగిలేలా వదిలేస్తే దానంతటదే గొలుసులు కట్టి నల్లబడుతుంది, దేనికైనా అతుక్కుంటుంది. మన చర్మంలోని మెలనిన్‌కు దగ్గరి చుట్టం. 2013లో దాన్ని నానో కణాలుగా చేసి, 808 నానోమీటర్ల లేజర్‌తో వేడిచేసి, వెలుగులో 40 శాతం వేడిగా మారుతోందని ఇంకో బృందం ప్రకటించింది.

జనవరి చివర

ఉదయగిరి అబ్బాయికి ఒక ఉపాయం తట్టింది. "మేడం, పౌడర్ ఎందుకు? డోపమీన్ ఇంజెక్షన్ పెద్దాసుపత్రి ఎదురుగా ఏ షాపులో అడిగినా ఇస్తారు గదా. 200 మిల్లీగ్రాముల ఆంపుల్, చవక." బీపీ పడిపోయిన వాళ్లకు ఐసీయూలో ఎక్కించే మందే అది. మాట నిజమే. కానీ ఆంపుల్ లేబుల్ చదవమన్నాను. అందులో సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది. డోపమీన్ గాలికి నల్లబడకుండా కాపాడేందుకే దాన్ని కలుపుతారు. మనకు కావాల్సిందేమో సరిగ్గా ఆ నల్లబడడమే.

అయినా ఒక ఆంపుల్ పగలగొట్టి చూశాం, ఎందుకంటే ఫార్మసీ పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. పక్కపక్కన రెండు పరీక్ష నాళికలు, రెండింట్లోనూ ఒకే పీహెచ్. పౌడర్ కరిగించిన నాళిక పావుగంటకే గోధుమరంగుకు తిరిగింది. ఆంపుల్ నాళిక సాయంత్రం దాకా దాదాపు నీళ్ల రంగులోనే కూర్చుంది. డోపమీన్‌ను సోడియం బైకార్బొనేట్ లాంటి క్షార ద్రావణాలతో కలపొద్దని నర్సులకు ఎందుకు చెప్తారో ఇక్కడే అర్థమైంది పిల్లలకు. ఆసుపత్రిలో జరగకూడనిది మా బీకరులో జరగాలి.

పౌడర్ చెన్నై నుంచి తెప్పించాం.

ఫిబ్రవరి మొదట్లో

తయారీ. పేపర్లలో కొలత ఇలా ఉంటుంది: 90 మిల్లీలీటర్ల నీళ్లు, 40 ఇథనాల్, 2 అమ్మోనియా ద్రావణం, 30 డిగ్రీల దగ్గర అరగంట కలపాలి, ఆ తర్వాత 10 మిల్లీలీటర్ల నీళ్లలో అర గ్రాము డోపమీన్ హైడ్రోక్లోరైడ్ కరిగించి పోయాలి, 24 గంటలు తిప్పుతూ ఉంచాలి. మేం అన్నిటినీ నాలుగో వంతుకు తగ్గించాం. 30 డిగ్రీల కోసం హీటర్ పెట్టాల్సిన పని పగటిపూట పెద్దగా లేదు, నెల్లూరు ఆ ఖర్చు మిగిల్చింది.

పోయగానే పసుపు, కాసేపటికి గోధుమ. గంట తర్వాత కావలి అమ్మాయి ఫ్లాస్కు పైకెత్తి, "డికాషన్ మాదిరుండాది మేడం" అంది. మర్నాటికి ట్యూబ్‌లైట్ ముందు పెట్టినా అవతల ఏమీ కనబడనంత నలుపు.

మధ్యలో రాత్రి కరెంటు పోయింది. స్టిరర్ ఆగితే అడుగున గడ్డలు కడతాయేమోనని టెన్షన్ పడ్డాం. వాచ్‌మన్ తాత అప్పటికే దాన్ని తన గది ఇన్వర్టర్‌కు మార్చేశాడు. "అది తిరగాల్నంటిరి గదమ్మా" అని ఊరుకున్నాడు.

కణం సైజు అమ్మోనియా చేతిలో ఉంటుంది. ఎక్కువ పోస్తే చిన్న కణాలు, తక్కువ పోస్తే పెద్దవి. మూడు రకాలు చేసి, సైజు కొలిచే యంత్రమున్న ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కు ఫీజు కట్టి పంపాం. మేం పనికి ఎంచుకున్న బ్యాచ్ 180 నానోమీటర్ల దగ్గర వచ్చింది, కణాలన్నీ ఇంచుమించు ఒకే సైజు. చాలు.

కడగడమే అసలు చాకిరీ. మా కాలేజీ సెంట్రిఫ్యూజ్ వేగానికి ఇంత చిన్న కణాలు పూర్తిగా దిగవు. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల ల్యాబ్‌ను అడిగాం. వైట్ స్పాట్ వైరస్ పరీక్షల కోసం వాళ్ల దగ్గర నిమిషానికి పద్నాలుగు వేల చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్ ఉంది, కానీ అందులో పట్టేవి రెండు మిల్లీలీటర్ల బుల్లి ట్యూబులే. ఒక మధ్యాహ్నమంతా పోయడం, తిప్పడం, పైనీళ్లు తీయడం, మళ్లీ పోయడం. ల్యాబు అతను ట్యూబుల్లోకి తొంగిచూసి, "ఇంత నల్లగా ఉందేంది, చెరువు అడుగు మట్టా?" అన్నాడు. క్యాన్సర్ అనగానే టీ తెప్పించాడు. నెల్లూరు జిల్లాలో నానో టెక్నాలజీకి కావాల్సిన సామాను సగం రొయ్యల చెరువుల గట్ల మీదే ఉందని నాకు అప్పుడనిపించింది.

ఫిబ్రవరి, ఒక ఆదివారం

కొత్తపట్నం అబ్బాయి ఇంటికెళ్లి ఐస్ డబ్బాలో కటిల్‌ఫిష్, అదే సిరా చిమ్మే సముద్రజీవి, పట్టుకొచ్చాడు. వాళ్ల బాబాయి పడవలో పడ్డవి. కటిల్‌ఫిష్ సిరా అంటే మెలనిన్ నానో కణాలే, దాదాపు మేం చేసిన సైజువే, సముద్రం ముందే తయారుచేసి పెట్టింది. దాన్ని ట్యూమర్ల వేడి చికిత్సకు వాడి చూసిన పరిశోధనలూ ఉన్నాయి. తిత్తి కోసి సిరా పిండి, మళ్లీ రొయ్యల ల్యాబుకెళ్లి అదే కడుగుడు.

నలుపు బ్రహ్మాండంగా ఉంది. కానీ దానితో ముందుకు పోవద్దని నేనే అన్నాను. అందులో ప్రొటీన్లు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ అతుక్కుని ఉంటాయి, ఒక చేపకూ ఇంకో చేపకూ తేడా ఉంటుంది. రేపు ఎవరైనా రక్తంలోకి ఎక్కించే మందుగా ఆలోచిస్తే మొదట అడిగేది ప్రతి బ్యాచ్ ఒకేలా ఉందా అని. మిగిలిన చేపలు హాస్టల్ వంటమనిషి దగ్గరికి చేరాయి. ఆ రోజు పులుసు గురించి డైరీలో రాయడం పద్ధతి కాదు గానీ, రాస్తున్నాను, బాగుంది.

ఫిబ్రవరి చివర

ఉప్పు నీళ్ల పరీక్ష. మామూలు నీళ్లలో రోజుల తరబడి తేలిన కణాలు సెలైన్‌లో పోయగానే గంటలో అడుగుకు దిగిపోయాయి. రక్తంలో కూడా ఉప్పుంది, అంటే ఇలాగే ఎక్కిస్తే ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. పెద్ద ల్యాబుల్లో పాలీఇథిలీన్ గ్లైకాల్ తొడుగు వేస్తారు. మేం అల్బుమిన్ ప్రొటీన్‌తో కలిపి రాత్రంతా వదిలేశాం. పాలీడోపమీన్‌కు అతుక్కునే గుణం పుట్టుకతోనే ఉంది కాబట్టి అల్బుమిన్ బాగానే పట్టుకుంది. సెలైన్‌లో మర్నాటికీ తేలుతూనే ఉన్నాయి.

మార్చి

లేజర్. కొత్తది కొనే స్తోమత లేదు. నాకు గుర్తొచ్చింది పళ్ల డాక్టర్లు. చిగుళ్లు కోయడానికి వాళ్లు వాడే డయోడ్ లేజర్లు 810, 940, 980 నానోమీటర్లలో వస్తాయి. ట్రంకు రోడ్డు దగ్గర నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ దగ్గర 810ది ఉంది. క్లినిక్ లేని రోజుల్లో, తను పక్కన ఉంటేనే, అన్న షరతు మీద ఒప్పుకుంది.

ఇక్కడ కొన్ని సంగతులు రాసి పెట్టుకోవాలి, వచ్చే ఏడాది పిల్లలకు పనికొస్తాయి. చిగుళ్ల పనికి ముందు డాక్టర్లు ఫైబర్ కొనను ఏదైనా నల్లటిదానికి ఆనించి కాలుస్తారు, అప్పుడు కొనే వేడెక్కి కోస్తుంది. మాకు అలా కాల్చని శుభ్రమైన కొన కావాలి, వెలుగు బయటికి రావాలి గనక. ఫైబర్ నుంచి వచ్చే వెలుగు విసనకర్రలా విచ్చుకుంటుంది, కాబట్టి ఎంత దూరం పెట్టామన్నదాన్ని బట్టి మచ్చ సైజు మారుతుంది. ఆ మచ్చ కంటికి కనబడదు. షాపుల్లో ఇచ్చే బిల్లు కాగితం అడ్డం పెడితే వేడికి నల్లబడి మచ్చ అచ్చు పడుతుంది, స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. కంటికి కనబడదు కాబట్టే ప్రమాదం. లేజర్‌తో వచ్చిన 810 కళ్లద్దాలు అందరూ పెట్టుకోవాల్సిందే, గది గడియ వేయాలి, ఉంగరాలు, గడియారాలు తీసేయాలి, మెరిసే స్టీలు స్పాచ్యులాలు బల్ల మీద ఉండకూడదు. నల్ల కళ్లద్దాలు చాలవా అని ఎవరడిగినా ఆ రోజుకు వాళ్లు బయటే.

యంత్రం మీద 1 వాట్ అని చూపిస్తే నిజంగా 1 వాటే వస్తోందా? పవర్ మీటర్ లేదు. థర్మోకోల్ కప్పులో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చిక్కగా నల్ల ఇంకు కలిపి, ఐదు నిమిషాలు లేజర్ వేశాం. మొత్తం వెలుగు వేడిగా మారితే 300 జౌళ్లు, అంటే నీళ్లు 7.2 డిగ్రీలు పెరగాలి. 6.4 పెరిగాయి. అంటే దాదాపు 0.9 వాట్. హైస్కూల్ ఫిజిక్స్‌తో యంత్రాన్ని లెక్కకు తెచ్చామని ఉదయగిరి అబ్బాయి మొహం వెలిగిపోయింది.

తర్వాత అసలు కణాలు. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ద్రావణం, ఒక మిల్లీలీటరు, క్యువెట్ అనే చిన్న గాజు గొట్టంలో. వెలుగు ద్రావణంలో ఎంత ఆగిందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ 810 నానోమీటర్ల దగ్గర 0.6 చూపించింది. గది 33 డిగ్రీలు. పది నిమిషాల్లో ద్రావణం 50కి చేరింది, వట్టి నీళ్లు రెండు డిగ్రీలు కూడా పెరగలేదు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌ను వెలుగు దారిలో పెట్టకూడదు, అదే లేజర్ మింగి వేడెక్కి అబద్ధం చెప్తుంది, కాబట్టి పక్కకు ముంచాం. లేజర్ ఆపాక చల్లబడే వేగాన్ని బట్టి లెక్క కట్టాలి, ఆ పద్ధతిని 2007లో రోపర్ బృందం బంగారు కణాల కోసం రాసింది. మాకు వెలుగులో 38 శాతం వేడిగా మారుతున్నట్టు వచ్చింది. స్పెక్ట్రోఫోటోమీటర్ చెప్పే 0.6లో మింగిన వెలుగుతోపాటు పక్కలకు చెదిరిన వెలుగు కూడా కలిసి ఉంటుంది, క్యువెట్ గాజు తాగిన వేడిని మేం లెక్కలోకి తీసుకోలేదు. అంచేత ఆ అంకెను గోడ మీద రాసి దండ వేయక్కర్లేదు.

ఇంకో మాట. 50 డిగ్రీలకు చేరింది అనడం కన్నా 17 డిగ్రీలు పెరిగింది అనడమే సరైనది. ఏసీ గదిలో 22 దగ్గర మొదలుపెట్టి ఉంటే 39 దగ్గరే ఆగేది. మనిషి ఒళ్లు 37 దగ్గర మొదలవుతుంది. కొన్ని పేపర్లలో చివరి ఉష్ణోగ్రత మాత్రమే పెద్దక్షరాలతో వేస్తారు, మొదలు ఎక్కడో వెతుక్కోవాలి.

పోలికకు ఇండోసయనిన్ గ్రీన్ కూడా పెట్టాం. రెటీనా పరీక్షకు కంటి డాక్టర్లు వాడే ఆకుపచ్చ రంగు మందు, ఒక కంటి డాక్టర్ గారు గడువు దాటిన సీసా ఇచ్చారు. మొదటిసారి అది మా కణాల కన్నా వేగంగా వేడెక్కింది. చల్లార్చి మళ్లీ వేస్తే తగ్గింది. అలా వేస్తూ పోతే ఆకుపచ్చే మాయమైంది, వేడీ పోయింది. లేజర్ దాని అణువులను విరగ్గొట్టేస్తుంది. పాలీడోపమీన్ గీత మాత్రం ప్రతిసారీ ఒకే చోట ఎక్కి దిగింది.

మార్చి చివరి వారం

ఇక్కడిదాకా అన్నీ బాగున్నాయి. ఇక్కడినుంచే ప్రాజెక్టు అసలు సంగతి మొదలైంది.

చికెన్ షాపులో బ్రెస్ట్ ముక్కలు తీసుకుని, ఫ్రిజ్‌లో కొంచెం గట్టిపడనిచ్చి, బ్లేడుతో ఒకే మందంలో పలకలుగా కోశాం. అగార్ జెల్లీలో చిన్న గుంట చేసి, అందులో కణాలు కలిపిన అగార్ పోశాం. అదే మా ట్యూమర్. కింద థర్మోకపుల్. పైన చికెన్ పలక, ఆ పైన లేజర్. పలక లేకుండా వేస్తే పది నిమిషాల్లో 18 డిగ్రీలు పెరిగింది. 5 మిల్లీమీటర్ల పలక పెడితే 8. సెంటీమీటర్ పెడితే 3. రెండు సెంటీమీటర్లకు థర్మోకపుల్ చూపించిన మార్పు, దాని సొంత ఊగిసలాట రెండూ ఒకటే.

కావలి అమ్మాయి మళ్లీ మళ్లీ అడిగింది, కణాల మోతాదు రెట్టింపు చేస్తే? చేశాం. సెంటీమీటర్ దగ్గర 3 కాస్తా 4 అయింది, అంతే. ఎందుకంటే కణాలు అక్కడికొచ్చిన వెలుగునే మింగగలవు. రాని వెలుగును ఎంత నల్లటి కణమైనా మింగలేదు. లేజర్ పవర్ పెంచితే? మాంసంలో వెలుగు దూరాన్ని బట్టి గుణకారంగా తగ్గుతుంది, మేం పెంచేది కూడికగా పెంచుతాం. పైగా చర్మానికి ఒక హద్దుంది. 808 నానోమీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు వాట్‌లో మూడో వంతు దాకానే సురక్షితమని ప్రమాణాలు చెప్తాయి. మేం వేస్తున్నదే దానికి దాదాపు మూడు రెట్లు. ఎలుకల పేపర్లలో 1, 2 వాట్లు వేయడం మామూలు. ఎలుక తొడ మీద చర్మం కింద పెంచిన గడ్డ పైకే కనబడుతుంటుంది. "లోతైన ట్యూమర్" అని శీర్షికలో రాసినప్పుడు ఎన్ని మిల్లీమీటర్ల లోతో మొదట చూడండని పిల్లలకు చెప్పాను. ఎలుక ఒళ్లే అడ్డంగా రెండు, మూడు సెంటీమీటర్లు.

ఇది ఒక్క వెలుగు సమస్యే కాదు. కణాలు ట్యూమర్‌కు చేరడమూ తేలిక కాదు. ట్యూమర్ రక్తనాళాలు కారుతూ ఉంటాయి కాబట్టి పెద్ద అణువులు అక్కడే చేరి నిలిచిపోతాయని 1986లో మత్సుమురా, మయెదా చూపించారు, అప్పటినుంచి ఈ రంగమంతా ఆ ధైర్యం మీదే నడిచింది. 2016లో టొరంటోలో వారెన్ చాన్ బృందం అంతకు ముందు పదేళ్లలో వచ్చిన పేపర్లు కలిపి లెక్కేస్తే, ఎక్కించిన మోతాదులో ట్యూమర్‌కు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

ఆ రాత్రి మా పిన్ని ఫోన్ చేసింది. తన స్నేహితురాలికి క్లోమంలో గడ్డ, చెన్నై తిరుగుతున్నారు. "అమ్మాయ్, నువ్వేదో నల్ల మందు చేస్తున్నావంట గదా, అది ఆవిడకు పనికొస్తదా?" లేదు పిన్నీ అన్నాను. ఇది పిల్లలు నేర్చుకునే పని, మందు కాదు, ఎవరూ తాగేది, ఎక్కించుకునేది కాదు, ఆవిడ డాక్టర్ చెప్పింది మానొద్దు. ఫోన్ పెట్టాక కూర్చుని ఆలోచించాను. క్లోమం పొట్ట సంచికి వెనక, వెన్నెముకకు ముందు ఉంటుంది. మా చికెన్ అంకెలతో చూస్తే బయటినుంచి వేసిన వెలుగు అక్కడికి చేరే మాటే లేదు.

ఏప్రిల్, ఎండ బాగా ముదిరాక

ఇమేజింగ్ సగం మిగిలిపోయింది. అసలైన ఫొటోఅకౌస్టిక్‌కు నానోసెకన్ల పల్స్ లేజర్ కావాలి, మెగాహెర్ట్జ్ ప్రోబ్ కావాలి. మాకు రెండూ లేవు. ఎండ ఉంది. గ్రాహంబెల్ 1880లో ఈ విద్యను కనిపెట్టిందే ఎండతో. చీలికలున్న చక్రాన్ని తిప్పుతూ ఎండను తునకలు చేసి ఒక వస్తువు మీద వేస్తే అది శబ్దం చేస్తుందని చూశాడు, దీపపు మసి లాంటి నల్లటి వాటికి బాగా వస్తుందనీ గమనించాడు.

పాత సీడీకి పన్నెండు చీలికలు కోసి చిన్న మోటారుకు బిగించాం. గాజు సీసాలో పాలీడోపమీన్ పూసిన గాజు ముక్క, మూతలో చిన్న మైకు, దాని వైరు ఫోన్‌కు. భూతద్దంతో ఎండను కుదించి చక్రం గుండా సీసా మీదికి. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ తెరిస్తే 480 హెర్ట్జ్ దగ్గర గీత లేచింది.

లేచింది సరే, అది వెలుగుదేనా? తిరిగే చక్రం చీలికలు గాలిని కోస్తూ అదే స్వరంలో సైరన్ మోగిస్తాయి. కాబట్టి చక్రం తిరుగుతుండగానే చక్రానికీ సీసాకూ మధ్య అట్ట అడ్డం పెట్టి చూశాం. గీత బాగా పడిపోయింది, పూర్తిగా పోలేదు. ఆ మిగిలింది సైరన్. తర్వాత సీసాను దూరంగా జరిపి, చుట్టూ దూది కట్టి, నల్ల ముక్క బదులు వట్టి గాజు పెట్టి మళ్లీ చూశాం. వట్టి గాజుకు అట్ట ఉన్నా లేకున్నా ఒకటే. నల్లదానికి తేడా స్పష్టంగా ఉంది. ముగ్గురూ ఎండలో చెమటలు కారుతూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు మేడమీదికొచ్చి వడదెబ్బ తగులుతుందని కేకలేశారు.

మా సీసాలో మోగింది గాలి. ఆసుపత్రి పద్ధతిలో కదిలేది కణజాలమే. రెండింటికీ మూలం ఒకటే, వాడకం వేరు. ఒక్క తేడా మాత్రం ముఖ్యం: వెలుగు లోపలికి పోయేటప్పుడు చెల్లాచెదురైపోతుంది, కానీ అల్ట్రాసౌండ్ బయటికి వచ్చేటప్పుడు మాంసంలో అంతగా చెదరదు. అందుకే వేడి చికిత్స ఆగిపోయిన లోతులో కూడా బొమ్మ తీయడం సాధ్యం. కొన్ని సెంటీమీటర్ల లోతు దాకా తీస్తున్నారు. వేడికి డిగ్రీలు కావాలి, శబ్దానికి డిగ్రీలో చిన్న వంతు చాలు. అమెరికాలో 2021 జనవరిలో రొమ్ము గడ్డల పరీక్షకు ఇలాంటి యంత్రానికి అనుమతి కూడా వచ్చింది, దానికి కణాలేవీ ఎక్కించక్కర్లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌నే వాడుకుంటుంది.

అంటే ఈ కణాలకు రెండు పనులూ ఒకే లోతులో రావు. పేపర్లలో రెండూ ఒకే వాక్యంలో రాసేస్తారు, నాకు అక్కడే పేచీ.

ఏప్రిల్ చివర

బయటినుంచి పోకపోతే లోపలికే తీసుకుపోదాం. ఇది మా సొంత ఆలోచనేమీ కాదు. మెదడు గడ్డలకు ఎంఆర్ఐలో ఉష్ణోగ్రత చూసుకుంటూ లేజర్ ఫైబర్ లోపలికి దించి కాల్చే చికిత్స ఇప్పటికే ఉంది. బంగారం పూసిన సిలికా కణాలతో ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మంది మీద చేసిన ప్రయోగం 2019లో వచ్చింది. అక్కడా ఫైబర్లను గడ్డలోకే దించారు, ఒంటి మీదినుంచి వెలుగు వేయలేదు.

పాలు కలిపిన అగార్ దిమ్మె పోశాం, పాలు వెలుగును మాంసంలాగే చెదరగొడతాయి. మధ్యలో మూడు సెంటీమీటర్ల లోతున సెంటీమీటర్ వెడల్పున్న నల్ల ఉండ. 18 గేజ్ సూది గుచ్చి, అందులోంచి డాక్టరమ్మ 400 మైక్రాన్ల ఫైబర్‌ను ఉండ మధ్యకు దించాం. 0.9 వాట్, పది నిమిషాలు. కొన నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో, ఉండ అంచు దగ్గర, 12 డిగ్రీలు పెరిగింది. కణాలు లేని ఉండలో అదే చోట 3. కొన నుంచి సెంటీమీటరున్నర దూరంలో 2 మాత్రమే.

నాకు నచ్చింది ఆ చివరి అంకె. బయటినుంచి వేస్తే చర్మం ఎక్కువ వేడెక్కి గడ్డ తక్కువ వేడెక్కుతుంది. ఇక్కడ తిరగబడింది. కణాలు లేకపోతే ఇదే ఫైబర్ వెలుగు దిమ్మె అంతా పలచగా పరుచుకుపోతుంది, కణాలుంటే అక్కడే ఆగుతుంది. లోతైన గడ్డ విషయంలో ఈ నల్ల కణం చేసే అసలు ఉపకారం ఇదేనని నా అభిప్రాయం: వెలుగును పిలిపించుకోవడం కాదు, వచ్చిన వెలుగును గీత దాటనివ్వకపోవడం.

దిమ్మెలో రక్తం పారదు, ఇది మర్చిపోకూడదు. బతికున్న గడ్డలో పారే రక్తం వేడిని మోసుకుపోతుంది, మా 12 అక్కడ ఎంతకు దిగుతుందో దిమ్మె చెప్పదు. జంతువుల మీద చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, జంతువుల గది కావాలి, మా కాలేజీ స్థాయిలో ఆ జోలికి పోయేది లేదు. కానీ నీళ్లు పారే సన్న సిలికాన్ గొట్టాలను దిమ్మెలో పాతి, సెలైన్ సెట్టుతో 37 డిగ్రీల నీళ్లు వదిలితే కొంత తెలుస్తుంది. గొట్టాలు కొన్నాం.

పిల్లలు రిపోర్టు శీర్షికలోంచి "బయటి నుంచి" అన్న మాట కొట్టేసి, పట్టికలో చికెన్ మందాల అంకెలన్నీ, రెండు సెంటీమీటర్ల సున్నాతో సహా, అలాగే ఉంచారు. సున్నా తీసేద్దామా అని ఒకరు అడిగారు. పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ గళ్లే అన్నాను.

ఫైబర్ కొన చివర్లో కొంచెం మాడింది, చుట్టూ ఉన్న కణాలు మరీ వేడెక్కి అంటుకున్నట్టుంది. కొత్తగా కోసి, వెలుగు గుండ్రంగా వస్తోందో లేదో బిల్లు కాగితం మీద చూసి తిరిగి ఇచ్చాం. తర్వాతిసారి కొన దగ్గర మోతాదు తగ్గించి, అంచుల్లో పెంచి ఉండను రెండు పొరలుగా పోయాలి. రెండు ఫైబర్లు సెంటీమీటర్ దూరంలో దించితే మధ్యలో వేడి ఎంత సమంగా ఉంటుందో కూడా చూడాలి. డాక్టరమ్మ దగ్గర ఇంకో ఫైబర్ ఉందట, ఆదివారం వెళ్లి అడగాలి.